మరుపు ధ్రువపత్రం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటికి వెల కట్టి చూడు అని మాత్రం అనలేదు. ఆ రోజుల్లో ఇళ్ల మీద అప్పులిచ్చే బ్యాంకులు లేవు కాబట్టి, పాపం, వాళ్లకి ఆ కష్టం తెలిసే అవకాశం లేకపోయింది.

ఓరుగంటి పరంధామయ్యకి తెలుసు. ఆయన నరసరావుపేటలో సర్వసంపద బ్యాంకు వారి ప్యానెల్ వాల్యుయరు. అంటే బ్యాంకు ఎవరికైనా ఇంటి మీద అప్పిచ్చే ముందు, ఆ ఇంటికి వెళ్లి గోడలు తట్టి, గదులు కొలిచి, చుట్టుపక్కల ధరలు విచారించి, "ఇది ఇంత చేస్తుంది" అని రిపోర్టు రాసి సంతకం పెట్టే మనిషి. ఊళ్లో సగం ఇళ్లకి ఆయన వెల కట్టాడు. తను మాత్రం అద్దె వాటాలో ఉంటాడు. మంగలి తల మాసే ఉంటుందని ఊరికే అనలేదు.

ఈ వృత్తిలో ఒక ఆచారం ఉంది. వాల్యుయరు ఇల్లు చూడ్డానికి బయల్దేరక ముందే మేనేజరు ఫోను చేసి, ఆ ఇల్లు ఎంత చేయాల్సి ఉందో చెబుతాడు. ఇది ఒత్తిడి కాదు. మేనేజరుకి ఇవ్వాల్సిన అప్పుల టార్గెట్టు ఉంటుంది, బిల్డరుకి రావాల్సిన ధర ఉంటుంది, ఈ రెండూ ముందే మాట్లాడుకుని ఒక అంకె దగ్గర కలుసుకుని ఉంటాయి. వాల్యుయరు కూడా వెళ్లి అదే అంకె దగ్గర కలుసుకోవాలి. అంతే. పరంధామయ్య ఇందులో కొంతవరకు వెళ్లేవాడు. నిజం ధర కట్టి, దాని మీద ఇంకాస్త వేసేవాడు. ఆ ఇంకాస్తకి ఆయన "మర్యాద" అని పేరు పెట్టుకున్నాడు. మర్యాద లేకుండా ఈ లోకంలో ఎవరు బతుకుతున్నారు గనక.

అలాంటి ఆయనకి వినుకొండ రోడ్డులో కొత్తగా లేచిన అపార్టుమెంటులో కింది ఫ్లాటు చూడమని ఫోనొచ్చింది. అంకె ముప్ఫై ఎనిమిది లక్షలు. కొనబోయేది సారమ్మ, ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆసుపత్రి క్వార్టర్సులోనే ఉంది. రిటైరైతే ఖాళీ చేయాలి.

ఆయన వెళ్లేసరికి ఆమె మంచం ఎటు వేసుకోవాలో జానలతో కొలుచుకుంటోంది.

"రండి సార్. కిటికీ పక్కన వేసుకుందామనుకుంటున్నా. ఇన్నేళ్లూ కిటికీ తీస్తే మార్చురీ కనపడేది" అంది.

పరంధామయ్య నవ్వి, గోడ తట్టాడు. గోడ డొల్లగా పలికింది. వంటింటి కిటికీ మూల నుంచి నేల దాకా ఏటవాలుగా రంగు కొత్తగా మెరుస్తోంది. గోటితో గీరితే పుట్టీ రాలింది, దాని వెనక పగులు కనిపించింది. ఆయన జేబులోంచి గోలీ తీసి హాలు మధ్యలో పెట్టాడు. అది ఎవరూ తొయ్యకుండానే బయల్దేరి, ఈశాన్యం మూలకి వెళ్లి ఆగింది.

"ఈశాన్యం పల్లంగా ఉండాలండీ, వాస్తు ప్రకారం చేయించాం" అన్నాడు బిల్డరు మనిషి గుమ్మంలోంచి.

వాస్తు ప్రకారం బిల్డింగంతా ఈశాన్యానికి దిగుతోందని పరంధామయ్యకి అర్థమైపోయింది. అది నల్లరేగడి నేల. ఎండాకాలం నోరు తెరుస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. దాని మీద కట్టేటప్పుడు పునాది లోతుగా తియ్యాలి. ఇక్కడ తియ్యలేదు.

బిల్డరు మనిషి అవతలికి వెళ్లాక, "బాగుందా సార్?" అని అడిగింది సారమ్మ.

వాల్యుయరు తను చూసింది బ్యాంకుకి తప్ప ఎవరికీ చెప్పకూడదు. అప్పు తీసుకుని ఇరవై ఏళ్లు కట్టబోయే మనిషికి అసలే చెప్పకూడదు. ఆ రూలు మీద సంతకం పెట్టాకే ప్యానెల్లోకి తీసుకుంటారు. పరంధామయ్య ఆమె ముఖంలోకి చూడలేక కిటికీలోంచి చూశాడు.

"గాలి బాగా వస్తుందమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చి రిపోర్టు రాశాడు. ఎంత మర్యాద చేసినా ఇరవై నాలుగు లక్షల దగ్గర ఆగిపోయింది. ఈసారి మర్యాద చేయడానికి చెయ్యి రాలేదు కూడా. పగులు, గోలీ, పునాది అన్నీ వివరంగా రాసి సంతకం పెట్టి పంపించాడు.

మర్నాడే మేనేజరు వసంతకుమార్ పిలిపించాడు. ఆయన మంచివాడు. ఎవరినీ కసరడు. ఎదుటివాడిని చూసి బాధపడతాడు, అంతే.

"పరంధామయ్య గారూ, మీ రిపోర్టులో ప్రతికూల భావన చాలా ఉందండీ. పగులు అన్నారు. పగులు అనేది మనం చూసే దృష్టిని బట్టి ఉంటుంది కదా."

"పుట్టీ తీసి చూశానండీ."

"అదే నేననేది. ఎందుకు తీశారు? వాళ్లు అంత శ్రమపడి పెట్టింది." వసంతకుమార్ నిట్టూర్చాడు. "మీరు ఇంటికి వెల కడుతున్నారు గానీ, కస్టమరు ఆశకి వెల కట్టడం లేదు. ఆ పద్నాలుగు లక్షలు ఆశ అండీ."

ఆశ కొలవడానికి తన దగ్గర టేపు లేదని పరంధామయ్య మనవి చేసుకున్నాడు. రిపోర్టు పైకి, గుంటూరు ప్రాంతీయ కార్యాలయానికి వెళ్లింది.

అక్కడ విలువల సామరస్య విభాగం అని ఒకటుంది. దాని అధిపతి డాక్టర్ చిదానందం. ఆయన ఈ సమస్య మీద కమిటీ వేసి, తానే అధ్యక్షుడై, తానే సభ్యుడై, శాస్త్రీయంగా అధ్యయనం చేశాడు. తేలిందేమిటంటే: వాల్యుయర్లు వెళ్లి చూసిన ఇళ్లలో చాలావాటికి విలువ తగ్గింది. పని ఒత్తిడిలో వెళ్లడం కుదరక, ఫోన్లో విన్న అంకె వేసేసిన ఇళ్లలో ఒక్కదానికీ తగ్గలేదు. కాబట్టి ఇంటి విలువ తగ్గడానికి కారణం ఇల్లు కాదు, చూపు.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. "ఇందుమూలముగా సమస్త ప్యానెల్ వాల్యుయర్లకు తెలియజేయునది ఏమనగా, స్వతంత్రత అనునది మూల్యాంకనమునకు ప్రాణము. ఆస్తిని చూచిన వాల్యుయరు ఆ ఆస్తి యొక్క ప్రభావమునకు లోనగుచున్నాడు. ప్రభావమునకు లోనైనవాడు స్వతంత్రుడు కాజాలడు. కావున ఇకపై ఏ వాల్యుయరును తాను విలువ కట్టబోవు ఆస్తిని చూడరాదు."

దీని మీద అవగాహన కల్పించడానికి గుంటూరులో ఒక హోటల్లో సదస్సు పెట్టారు. భోజనం బాగుంది. తర్వాత చిదానందం వేదికెక్కాడు.

"మిత్రులారా, న్యాయదేవత కళ్లకు గంతలెందుకు? నిష్పాక్షికత కోసం. మన వాల్యుయరు న్యాయదేవతకు తీసిపోయాడా?"

తీసిపోలేదని అందరూ చప్పట్లు కొట్టారు. పిడుగురాళ్ల నుంచి వచ్చిన వాల్యుయరు ఒకాయన లేచి, "ఇల్లు చూడకపోతే అసలక్కడ ఇల్లు ఉందో లేదో ఎలాగండీ?" అని అడిగాడు.

"చక్కటి ప్రశ్న. ఇల్లు ఉండుట లేకుండుట న్యాయ విభాగం పరిధి. మీరు విలువకే పరిమితం కండి. ఇతరుల పరిధిలోకి వెళ్లకపోవడం కూడా విలువే."

ఆయన కూర్చున్నాడు. తర్వాత మరొకరు ఫొటో సంగతి అడిగారు. రిపోర్టుతో పాటు వాల్యుయరు ఆ ఇంటి ముందు నిలబడి దిగిన ఫొటో జతచెయ్యాలని పాత రూలు. విభాగం వారు దాన్ని కూడా ఆలోచించే ఉన్నారు. హాలు పక్కన పాతకాలపు స్టూడియోల్లోలాగా ఒక తెర కట్టించారు. దాని మీద రెండంతస్తుల మేడ, ముందు గులాబీ మొక్కలు, వెనక మంచు కొండలు. ప్రతి వాల్యుయరూ వరసలో వెళ్లి దాని ముందు నిలబడి ఫొటో దిగాడు, ఇకపై అన్ని రిపోర్టులకీ అదే. పల్నాడులో మంచు కొండలేమిటని ఎవరో గొణిగితే, వాటిని విలువలో కలపడం లేదని సమాధానం వచ్చింది.

పరంధామయ్య కూడా దిగాడు. దిగి, ఒకరకంగా హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు కూడా. చూడకపోతే అబద్ధం ఆడినట్టు కాదు కదా. ఇన్నాళ్లూ మనసులో గుచ్చుకుంటున్న ముల్లు బ్యాంకు వాళ్లే తీసేశారనుకున్నాడు. ఆ సంతోషం నరసరావుపేట బస్టాండు దాకా నిలిచింది. బస్సు దిగగానే వసంతకుమార్ ఫోను.

"ఒక చిక్కొచ్చిందండీ. సారమ్మ గారి ఫ్లాటు మీరు చూసేశారు."

"చూశానండీ. అప్పటికి ఈ రూలు లేదు."

"నిజమే. కానీ మీకు దర్శన దోషం తగిలింది. ఫైలు కంప్యూటర్లో మీ పేర ఉంది. మీరు నిర్దోషి అయితేనే కదులుతుంది."

దర్శన దోషానికి ప్రాయశ్చిత్తం సర్క్యులరులోనే ఉంది. చూసినవాడు చూసినదాన్ని మరిచిపోవాలి. మరిచిపోయినట్టు ధ్రువపత్రం మీద సంతకం పెట్టాలి. పెట్టగానే పాత రిపోర్టు పుట్టనట్టే లెక్క. అదే వాల్యుయరు స్వచ్ఛమైన మనసుతో ముప్ఫై ఎనిమిది వేస్తాడు. మరిచిపోవడానికి పదిహేను రోజులు గడువు ఇచ్చారు. మరవలేనివాడిని ప్యానెల్లోంచి తీసేసి, ఫైలు చూడని వాల్యుయరు చేతికిస్తారు.

అంటే పరంధామయ్య మొండికేస్తే ఆయన బతుకుతెరువు పోతుంది. సారమ్మ నెత్తిన మాత్రం ఆ ఫ్లాటు ఎలాగూ పడుతుంది. ఆమెకి చెప్పేద్దామా అంటే రహస్యం బయటపెట్టినందుకు కేసు పెడతారు, ఇంజనీరు లైసెన్సు కూడా ఊడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"మరిచిపోవడం మీకేమన్నా కొత్తా?" అంది ఆయన భార్య అనసూయ. "రోజూ మార్కెట్టుకెళ్లి కూరల సంచీ మరిచిపోయొస్తారు. ఆమధ్య నన్నే కోటప్పకొండ మీద మరిచిపోయి బస్సెక్కారు. ఆ ఒక్క ఫ్లాటు ఎందుకు మరుపు రాదో నాకర్థం కాదు."

ఆయన నిజంగానే ప్రయత్నించాడు. తలనిండా నూనె పెట్టించుకున్నాడు, పగలు పడుకున్నాడు, టీవీలో సీరియళ్లన్నీ చూశాడు. సీరియళ్లు మర్నాటికి మరిచిపోతున్నాడు గానీ, ఎవరూ తొయ్యకుండా బయల్దేరిన ఆ గోలీ మాత్రం కళ్ల ముందు దొర్లుతూనే ఉంది.

గడువు సగం గడిచాక సారమ్మే వెతుక్కుంటూ వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, మంచినీళ్లు అడిగి తాగింది.

"సార్, నా ఫైలు మీ సంతకం దగ్గర ఆగిందంట. బిల్డరేమో నెలాఖరుకల్లా రిజిస్ట్రేషన్ కాకపోతే అడ్వాన్సు తిరిగివ్వనంటున్నాడు. మీరు చూసెళ్లిన మర్నాడే ఇచ్చాను సార్. సార్ చూశారు, ఏం అనలేదు, ఇంక భయం లేదులే అనుకున్నా. నా కాయితాల్లో ఏదైనా తప్పుంటే చెప్పండి, దిద్దుకొస్తా."

పరంధామయ్య నోరు తెరిచాడు. గోడ అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చి, లైసెన్సు గుర్తొచ్చి, వెనక్కి వెళ్లిపోయింది.

"నీ తప్పేం లేదమ్మా. చూస్తాను" అన్నాడు.

ఆమె దణ్ణం పెట్టి వెళ్లింది. ఆయనకి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఆ గ్లాసు తీసి లోపల పెట్టడానికి కూడా చెయ్యి ఆడనంత సిగ్గు.

గుమ్మంలోంచి అంతా విన్న అనసూయ ఈసారి వేళాకోళం ఆడలేదు. "ముల్లుని ముల్లుతోనే తియ్యాలండీ. వాళ్ల రూలే మిమ్మల్ని కట్టేసింది కదా, ఆ రూల్లోనే ఎక్కడో ముడి విప్పే చోటుంటుంది. సరిగ్గా చదివారా?"

చదవలేదు. సర్క్యులర్లు ఎవరు చదువుతారు. ఆ సాయంత్రం కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. చదివాక బ్యాంకుకి తన జీవితంలోకెల్లా వినయమైన ఉత్తరం ఒకటి రాశాడు.

"తమ ఆదేశానుసారం సదరు ఫ్లాటును సంపూర్ణముగా మరచితిని. అయితే కేవలము నా మాట మీద ధ్రువపత్రము జారీ అయినచో రేపు ఆడిట్ వారు అభ్యంతరము తెలుపగలరు. కావున నా మరుపును క్షుణ్ణముగా, అంశముల వారీగా పరీక్షించ ప్రార్థన. మరియు ఖాతాదారు ఆస్తికి సంబంధించిన విచారణ ఏదైనను ఖాతాదారు సమక్షముననే జరుగవలెనను తమ సర్క్యులరులోని పారదర్శకతా నిబంధనను కూడా పాటించ ప్రార్థన."

ఆడిట్ అన్న మాట కనపడేసరికి వసంతకుమార్ ఆ ఉత్తరం వెంటనే పైకి పంపాడు. చిదానందం మాత్రం పొంగిపోయాడు. ఇంత నిబద్ధత గల వాల్యుయరుని ఆయన ఇంతవరకు చూడలేదు. పరీక్షకి స్వయంగా తానే వస్తానన్నాడు.

పరీక్ష రోజున బ్రాంచి హాల్లో బ్యానరు కట్టారు, ఫొటోగ్రాఫరుని పిలిచారు. సారమ్మని ముందు వరసలో కూర్చోబెట్టి పూలగుత్తి ఇచ్చారు. లోను వస్తోందనే ఆనందంలో ఆమె ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచీరలో వచ్చింది. మొదలుపెట్టే ముందు వసంతకుమార్ చిదానందం చెవిలో, కస్టమరు ముందు రిపోర్టు బయటపెట్టకూడదేమో అని గుసగుసలాడాడు.

"చూపరాదని ఉంది. వినిపించరాదని ఎక్కడుంది?" అన్నాడు చిదానందం. రూలు ఆయన రాసిందే.

పాత రిపోర్టు చేతిలో పట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"వాల్యుయరు గారూ. వంటింటి కిటికీ మూల నుంచి నేల వరకు గోడ ఏటవాలుగా పగిలి ఉన్నదనియు, ఆ పగులులో పుట్టీ కూరి పైన రంగు పూసినారనియు మీకు జ్ఞాపకమున్నదా?"

"పగులా? లేదండీ."

"నేలపై గోలీ ఉంచగా అది తనంతట తానే ఈశాన్యమునకు దొర్లినదని?"

"జ్ఞాపకం లేదండీ."

చిదానందం కళ్లు చిట్లించి, చటుక్కున, "ఆ గోలీ ఏ రంగుది?" అన్నాడు.

పరంధామయ్య అమాయకంగా, "ఏ గోలీ అండీ?" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఫొటోగ్రాఫరు ఒక ఫొటో తీశాడు.

సారమ్మ చప్పట్లు కొట్టలేదు. పూలగుత్తి ఒళ్లో పెట్టుకుని ముందుకి వంగి వింటోంది.

"నల్లరేగడి నేలలో తగినంత లోతు పునాది తీయలేదనియు, గట్టి వానాకాలం ఒకటి గడిచినచో మెట్ల పక్క స్తంభము క్రుంగగలదనియు, అందు నివసించుట క్షేమము కాదనియు మీరు రాసినట్టు?"

"నేను రాశానా? అంతమాట ఎలా రాస్తానండీ."

"మొత్తము విలువ ఇరవై నాలుగు లక్షలకు మించదని?"

"ఎంతండీ? ఫ్యాను చప్పుడులో వినపడలేదు."

"ఇరవై నాలుగు" అన్నాడు చిదానందం.

"కాస్త గట్టిగా, అందరికీ వినపడేలా చదివితే..."

చిదానందం హాలు దద్దరిల్లేలా చదివాడు. వసంతకుమార్‌కి ఎక్కడో ఏదో తేడాగా అనిపించి దగ్గాడు గానీ, పైఅధికారి పరీక్ష పెడుతుంటే మధ్యలో దగ్గడం కన్నా ఎక్కువ ఏం చేయగలడు. పరంధామయ్య ఆ అంకె తానెన్నడూ వినలేదన్నాడు.

అన్ని అంశాల్లోనూ సంపూర్ణ విస్మరణ. సంస్థ చరిత్రలో ఇది తొలి మెట్టని చిదానందం ప్రకటించి, పరంధామయ్యకి శాలువా కప్పి, ధ్రువపత్రం చేతికిచ్చాడు. తర్వాత లోను కాగితాలు సారమ్మ ముందు పెట్టి, పెన్ను మూత తీసి మరీ అందించాడు.

"ఇక్కడ సంతకం చేయండమ్మా. ముప్ఫై ఎనిమిది లక్షల విలువైన గృహానికి మీరు యజమాని కాబోతున్నారు."

సారమ్మ కాగితాల వంక చూసింది, పరంధామయ్య వంక చూసింది. పూలగుత్తి తీసి బల్ల మీద పెట్టింది.

"ఏ గృహం సార్?"

"మీ ఫ్లాటమ్మా. వినుకొండ రోడ్డులో."

"నాకేం గుర్తులేదండీ."

వసంతకుమార్ లేచి నిలబడ్డాడు. "అదేంటమ్మా, మీరు అప్లికేషన్ పెట్టారు కదా, నా దగ్గరికి నాలుగైదుసార్లు వచ్చారు కదా."

"వచ్చానేమో సార్. మరిచిపోయాను. నమ్మకం లేకపోతే నాక్కూడా పరీక్ష పెట్టండి. ఆ గోడ సంగతే మళ్లీ అడగండి, చెప్తాను."

మరుపుని ఇప్పుడే శాలువా కప్పి సన్మానించాక, ఇంకొకరి మరుపుని తప్పుపట్టే వీలు చిదానందం రాసిన రూల్లో లేదు. సారమ్మ ఆయనకి నమస్కారం పెట్టి బయటికి నడిచింది. ఆయన కాసేపు ఆలోచించి, అసలు లోపం కనిపెట్టి, వసంతకుమార్ చేత కొత్త సర్క్యులరు రాయించడం మొదలుపెట్టాడు. ఖాతాదారులు కూడా తాము కొనబోయే ఇంటిని చూడటం వల్ల, దాని గురించి వినడం వల్ల అప్పుల వృద్ధికి ఆటంకం కలుగుతోంది, కాబట్టి ఇకపై...

పరంధామయ్య శాలువాతోనే పరుగున వెళ్లి ఆమెని మెట్ల మీద కలుసుకున్నాడు. ఆయనకి గుండె తేలికైంది. ఉద్యోగం పోలేదు, నోరు జారలేదు, ఆమెని కాపాడాడు. ఇంత తెలివి తనలో ఉందని ఆయనకే ఇంతవరకు తెలియదు.

"అడ్వాన్సు సంగతి ఏం చేస్తావమ్మా?" అన్నాడు.

"బ్యాంకు వద్దంటేనే తిరిగిస్తాడంట సార్. బ్యాంకేమో ఇస్తానంటోంది. ఇంక పోయినట్టే." ఆమె చెప్పులేసుకుంది. "తలకి వచ్చింది తలపాగాతో పోయిందనుకుంటా. మీ మేలు మరవను సార్."

రెండు మెట్లు దిగి ఆగింది. గొంతులో కోపం లేదు. ఆసుపత్రిలో రోగి తరపువాళ్లకి ఉన్న మాట చెప్పేటప్పటి గొంతే అది.

"కానీ సార్, ఆ రోజు గదిలో మీరూ నేనే ఉన్నాం. మంచం ఇటు వెయ్యొద్దమ్మా అని ఒక్క మాట అన్నా నాకర్థమయ్యేది. ఆ తలపాగా నా ఆరేళ్ల కష్టం."

డ్యూటీకి టైమవుతోందని గేటు వైపు వెళ్లిపోయింది. లోపల్నుంచి పరంధామయ్యని గ్రూపు ఫొటోకి పిలుస్తున్నారు.